ఆ సంచిని 20,000 సార్లు మోయాలా?

ప్లాస్టిక్ కవరు కంటే గుడ్డ సంచి మేలన్నది మనందరి నమ్మకం. డెన్మార్క్ సర్కారు నివేదిక ఒకటి ఆ నమ్మకాన్ని తలకిందులు చేసిందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. ఇంతకీ ఆ నివేదికలో ఏముంది?

వస్తువు పుట్టినప్పటి నుంచి చెత్తలో కలిసేదాకా ప్రకృతికి ఎంత నష్టం చేస్తుందో లెక్కగట్టే శాస్త్రం మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి అన్నారు సంపాదకులు. జీవితచక్ర మదింపు అని దాని పేరు. పరిశ్రమల్లో అందరూ ఎల్‌సీఏ అంటారు. ఉక్కు, సిమెంటు, బ్యాటరీ, జీన్సు ప్యాంటు, శీతల పానీయం సీసా... అన్నిటికీ ఈ లెక్కలున్నాయి. చదవడానికి నివేదికలు గుట్టలుగా ఉన్నాయి. వాటన్నిటిలో నన్ను పట్టి కూర్చోబెట్టింది కూరగాయలు తెచ్చుకునే సంచి మీద వచ్చిన ఒక నివేదిక. మిగతావన్నీ పక్కన పెట్టేశాను.

2018 ఫిబ్రవరిలో డెన్మార్క్ పర్యావరణ సంస్థ దాన్ని ప్రచురించింది. లెక్కలు కట్టింది డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు. అక్కడి సూపర్‌మార్కెట్లలో అమ్మే ప్లాస్టిక్, కాగితం, పాలిస్టర్, పత్తి సంచులన్నిటినీ వరసగా పెట్టి పోల్చారు. అందులోని ఒక్క అంకె దేశాలు దాటి తిరిగింది. సేంద్రియ పత్తి సంచిని 20,000 సార్లు వాడితే తప్ప అది మామూలు ప్లాస్టిక్ సంచి కంటే మేలు కాదు. మామూలు పత్తి సంచి అయితే 7,100 సార్లు. రోజుకొకసారి తప్పకుండా బజారుకు వెళ్లినా 20,000 సార్లంటే దాదాపు 55 ఏళ్లు. పాతికేళ్ల వయసులో కొన్న సంచిని ఎనభై ఏళ్ల దాకా మోయాలన్నమాట.

నేను గుడ్డ సంచి పక్షం. ముందే చెప్పేస్తున్నాను. అందుకే ఆ నివేదికను అనుమానంతోనే తెరిచాను. చదివాక పరిశోధకుల మీద గౌరవం పెరిగింది. ఆ అంకెను మిగతా నివేదిక నుంచి విడదీసి ఊరేగించిన తీరు మీద కోపం పెరిగింది.

ప్రశ్నలోనే ఉంది జవాబు

ఎల్‌సీఏలో మొదటి మెట్టు ప్రశ్నను సరిగా కట్టుకోవడం. ప్లాస్టిక్ మంచిదా, పత్తి మంచిదా అని అడిగితే లెక్క మొదలే కాదు. ఏ పని చేయడానికి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది తేల్చాలి. డెన్మార్క్ వాళ్లు కట్టుకున్న ప్రశ్న ఇది: 2017లో, డెన్మార్క్ సూపర్‌మార్కెట్ నుంచి ఇంటికి, 22 లీటర్ల చోటు పట్టే, 12 కిలోల బరువుండే సరుకులను కొత్తగా కొన్న సంచిలో ఒక్కసారి మోసుకెళ్లాలి. సంచి యూరప్‌లో తయారవుతుంది. పనైపోయాక డెన్మార్క్ చెత్త సేకరణ వ్యవస్థలోకి చేరుతుంది.

ఇందులో ప్రతి మాటా జవాబును మార్చేస్తుంది. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

తర్వాత ఒక్కో సంచి వెంటా నడవాలి. ప్లాస్టిక్ సంచి వెంట వెళ్తే చమురు, సహజవాయువు బావుల దగ్గర మొదలవుతాం. అక్కడి నుంచి ఇథిలీన్, దాని నుంచి పాలిథిలీన్ గుళికలు, గుళికలను కరిగించి గాలి ఊది సాగదీసిన పల్చటి పొర, కత్తిరింపు, అతుకు. అంతే. పత్తి సంచి దారి చాలా పొడవు. దుక్కి, విత్తనం, ఎరువు, పురుగుమందు, నీరు, పత్తి ఏరడం, జిన్నింగు మిల్లు, నూలు మిల్లు, నేత, అద్దకం, కుట్టు. ఒక్కో మజిలీలో ఎంత కరెంటు, ఎంత నీరు, ఎంత రసాయనం లోపలికి వెళ్లిందో, ఏమేం బయటికి వచ్చాయో రాసుకోవాలి. ఆ చిట్టా మొత్తాన్ని గాలి మీద, నీటి మీద, నేల మీద, మనుషుల మీద పడే ప్రభావాలుగా మారుస్తారు. వాతావరణ మార్పుకు ఒక గడి, ఓజోన్ పొరకు ఒకటి, నీటి వనరులకు ఒకటి, విషప్రభావానికి ఇంకొకటి. ఇలాంటి గడులు నివేదికలో పదికి పైగా ఉన్నాయి.

ఒక్కసారి మోయడమే పనైతే తేలికైన ప్లాస్టిక్ సంచి గెలవడంలో వింత లేదు. పైగా డెన్మార్క్‌లో ఆ సంచిని ఇంట్లో చెత్తబుట్టకు తొడుగుగా వాడి, చెత్తతో పాటే కాల్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు. ఆ మేలు కూడా దాని ఖాతాలోనే పడింది. పత్తి సంచి తన ఖర్చు తిరిగి రాబట్టుకోవాలంటే మళ్లీ మళ్లీ బజారుకు వెళ్లాల్సిందే. ఎన్నిసార్లు అన్నదే లెక్క.

20,000 ఎలా పుట్టింది

నివేదికలో ఒక్కో సంచికి రెండేసి అంకెలున్నాయి. మొదటిది వాతావరణ మార్పు ఒక్కదాన్నే చూస్తే ఎన్నిసార్లు వాడాలన్నది. రెండోది అన్ని గడుల్లోనూ ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే ఎన్నిసార్లు వాడాలన్నది. ఈ రెండో అంకె అన్ని నష్టాల మొత్తం కాదు, సగటూ కాదు. ఏ గడిలో సంచి అన్నిటికంటే అధ్వానంగా ఉందో ఆ గడి చెప్పిన అంకె. తొమ్మిది సబ్జెక్టుల్లో బాగా రాసి ఒక్కదాంట్లో తప్పిన పిల్లాడికి ఆ ఒక్క మార్కునే ర్యాంకుగా ఇచ్చినట్టు. పత్తి సంచిని ముంచింది ఓజోన్ పొర గడి.

వాతావరణ మార్పు వరకే చూస్తే మామూలు పత్తి సంచికి కావలసింది 52 సార్లు. వారానికోసారి సంతకు వెళ్లేవారికి 52 అంటే సరిగ్గా ఒక్క ఏడాది. సేంద్రియ పత్తి సంచికి 149 సార్లు, మూడేళ్ల లోపు. మన ఇళ్లలో గుడ్డ సంచి మూడేళ్లు బతకడం పెద్ద విశేషమేమీ కాదు. ఈ 52 కూడా అదే పట్టికలో, అదే వరసలో, 7,100 పక్కనే ఉంది. దాన్ని శీర్షికకు ఎక్కించినవాళ్లు తక్కువ.

అంతకంటే ముఖ్యమైన సంగతి కొలతల దగ్గర దొరికింది. 22 లీటర్లు పట్టాలన్నది షరతు కదా. పరిశోధకులు తీసుకున్న సేంద్రియ పత్తి సంచి ఆ కొలతకు కాస్త తక్కువ పడింది. షరతు ప్రకారం ఒక సంచి చాలదు కాబట్టి రెండు సంచులని లెక్క రాశారు. దాంతో నష్టం రెండింతలైంది. దానికి తోడు, సేంద్రియ సాగులో దిగుబడి 30 శాతం తక్కువ కాబట్టి వనరులు ఆ మేరకు ఎక్కువ పడతాయని కలిపారు. 7,100 కాస్తా 20,000 కావడానికి కారణాలివే. అదే సంచిని దర్జీ ఇంకొంచెం వెడల్పుగా కుట్టి ఉంటే ప్రపంచాన్ని చుట్టిన ఆ అంకె దాదాపు సగానికి పడిపోయేది.

పరిశోధకులు ఇదేదీ దాచలేదు. షరతు ఏమిటో, ఏ సంచికి రెండు లెక్కించారో నివేదికలోనే రాశారు. ఎల్‌సీఏ మీద నాకున్న ఇష్టానికి కారణం అదే. ఊహలన్నీ బల్ల మీద పరిచి, వీటిని మారిస్తే జవాబు మారుతుంది సుమా అని చెప్పే శాస్త్రం ఇది. ఊహలు తీసేసి జవాబు మాత్రం చెప్పేవాళ్లతోనే పేచీ.

బాక్స్: బ్రిటన్ లెక్కలో 131

2011లో ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ ఇదే పని చేసింది. అక్కడి పల్చటి ప్లాస్టిక్ సంచిని ఒక్కసారే వాడి పారేస్తే, వాతావరణ మార్పు విషయంలో దానితో సమానం కావడానికి కాగితం సంచిని 3 సార్లు, గుడ్డలా కనిపించే నాన్‌ఓవెన్ ప్లాస్టిక్ సంచిని 11 సార్లు, పత్తి సంచిని 131 సార్లు వాడాలని తేలింది. ఆ ప్లాస్టిక్ సంచులన్నిటినీ చెత్తబుట్ట తొడుగుగా మళ్లీ వాడితే పత్తి సంచి అంకె 327కు పెరిగింది. సంచి మారలేదు, ఇంట్లో అలవాటు మారింది.

మనకు కావలసిన గడులు

డెన్మార్క్ నివేదిక వీధిలో పడేసిన సంచుల సంగతి లెక్కలోకి తీసుకోలేదు. తమ దేశంలో ఆ సమస్య లెక్కించదగినంత లేదని చెప్పి వదిలేసింది. వాళ్ల దేశానికి అది న్యాయమే. మన దగ్గర? కవరు గాలికి ఎగిరి మురుగు కాలువలో పడుతుంది, నాలాకు అడ్డం పడుతుంది, వానొస్తే ఆ నీళ్లు బస్తీలోకి వస్తాయి. మిగిలిన అన్నంతో మూతి కట్టి పారేసిన కవరును ఆవు కవరుతో సహా మింగుతుంది. పశువైద్యులు ఆపరేషన్ చేసి ఆవుల కడుపులోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీస్తున్నారు. ఆ ఆవుకు డెన్మార్క్ పట్టికలో గడి లేదు. మన పట్టికలో ఉండి తీరాలి.

పత్తి వైపు కూడా మన గడులు వేరు. తెలంగాణలో పత్తి చాలావరకు వాన మీద ఆధారపడి పండుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడి చేలో పండిన దూదిని, కాలువ నీటితో పండించిన దూదిని ఒకే నీటి లెక్కలో వేయడం కుదరదు. అలాగని మన పత్తి నిర్దోషి కాదు. మన దేశంలో హెక్టారుకు వచ్చే దూది ప్రపంచ సగటు కంటే బాగా తక్కువ. అంటే కిలో దూదికి నేల ఎక్కువ పడుతుంది. పురుగుమందు సంగతి ఓరుగల్లు పల్లెలకు వేరే చెప్పక్కర్లేదు. 1997-98లో పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు మందుకు తెచ్చిన అప్పు తీర్చలేక రైతులు ఆ మందే తాగారు. మామూలు ఎల్‌సీఏలో మందు ఎంత విషమో లెక్క ఉంటుంది, అప్పు ఎంతో ఉండదు. మనుషుల బతుకును కూడా కొలిచే సామాజిక ఎల్‌సీఏకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2009లో మార్గదర్శకాలు తెచ్చింది. పత్తి మీద దాన్ని మన జిల్లాల్లో చేయించాలన్నది నా గట్టి కోరిక.

ఇక మన ఇళ్లలో సంచి ఎలా పుడుతుంది? చిరిగిన ప్యాంటు కాళ్లు, పాత దుప్పటి, ఇంటి కుట్టుమిషను. ఆ గుడ్డ సాగు, నూలు, అద్దకం ఖర్చంతా ప్యాంటు ఖాతాలో ఎప్పుడో పడిపోయింది. సాధారణంగా పాటించే లెక్కల పద్ధతిలో పాత గుడ్డ సంచి మోసేది దారం, కుట్టు ఖర్చు మాత్రమే. కొన్ని వాడకాల్లోనే అది ప్లాస్టిక్ కవరును దాటేస్తుంది. డెన్మార్క్ పోల్చిన సంచుల్లో ఇలాంటిది లేదు, ఎందుకంటే అది సూపర్‌మార్కెట్లో అమ్మకానికి ఉండదు.

బాక్స్: గుడ్డలా కనిపించే ప్లాస్టిక్

బట్టల దుకాణాలు, స్వీటు షాపులు ఇచ్చే రంగురంగుల నాన్‌ఓవెన్ సంచిని చాలామంది గుడ్డ అనుకుంటారు. అది పాలిప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. కేంద్రం 2021లో సవరించిన నిబంధనల ప్రకారం చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పల్చగా ఉండకూడదు. మామూలు క్యారీ బ్యాగులకైతే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల మందం తప్పనిసరి. మందం పెంచితే సంచికి పట్టే ప్లాస్టిక్ పెరుగుతుంది. మళ్లీ వాడితేనే ఆ నిబంధన వల్ల లాభం.

చరిత్ర క్లుప్తంగా

1969లో కోకా-కోలా కంపెనీ ఏ సీసాలో పానీయం పోస్తే వనరులు తక్కువ ఖర్చవుతాయో తేల్చమని అమెరికాలోని మిడ్‌వెస్ట్ పరిశోధన సంస్థను అడిగింది. ఎల్‌సీఏకు అదే మొదలంటారు. ఆ నివేదిక మొత్తాన్ని కంపెనీ బయటపెట్టలేదు. 1973 చమురు సంక్షోభంతో ఇంధనం లెక్కలకు గిరాకీ వచ్చింది. 1990ల్లో కంపెనీలు పోటాపోటీగా తమ సరుకే పచ్చనిదని చెప్పుకోవడం మొదలెట్టాక పద్ధతి ఒకటుండాలని 1997లో ఐఎస్ఓ 14040 ప్రమాణం వచ్చింది. 2006లో దాన్ని సవరించి 14044ను జత చేశారు. పోటీ సరుకు కంటే మాదే మేలని బహిరంగంగా చెప్పాలంటే బయటి నిపుణుల బృందం ఆ లెక్కను పరిశీలించాలన్నది ఈ ప్రమాణంలోని నియమం.

బాక్స్: టీ గ్లాసు సంగతి

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో కప్పుల తయారీకి, కడగడానికి పట్టే ఇంధనాన్ని లెక్కగట్టారు. పింగాణీ కప్పు కాగితం కప్పుతో సమానం కావడానికి 39 సార్లు, ఫోమ్ కప్పుతో సమానం కావడానికి 1,006 సార్లు వాడాలి. గాజు గ్లాసుకు ఆ అంకెలు 15, 393. యంత్రంలో వేడినీళ్లతో కడగడమే అందులో పెద్ద ఖర్చు. మన టీకొట్లో గ్లాసును చన్నీళ్లతోనే కడుగుతారు, రోజుకు ఎన్నోసార్లు వాడతారు. ఇక్కడ లెక్క వేరేగా రావాలి.

బాక్స్: సరిహద్దు దాటాలంటే

ఈ లెక్కలు ఇప్పుడు వ్యాపారం మీదికి వచ్చాయి. యూరోపియన్ యూనియన్‌కు వెళ్లే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల తయారీలో వెలువడిన కర్బన ఉద్గారాలను చెప్పాలన్న నిబంధన 2023 అక్టోబరు 1న మొదలైంది. 2026 జనవరి 1 నుంచి దానికి డబ్బు బాధ్యత తోడైంది. ఇది పూర్తి జీవితచక్రం లెక్క కాదు, తయారీ ఉద్గారాల వరకే. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు మాత్రం జీవితచక్రం ఆధారంగా కార్బన్ లెక్క చెప్పాలని యూరప్ 2023లోనే చట్టం చేసింది.

ఇక అడగాల్సినవి

మన రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లను అడుగుతున్నాను. వాన పత్తి, ఇంటి చెత్త, మురుగు కాలువ, వీధి ఆవు అన్నీ లెక్కలోకి వచ్చేలా మన సంచి మీద మన విశ్వవిద్యాలయాలతో ఒక ఎల్‌సీఏ చేయించండి. చేయించి తెలుగులో ప్రచురించండి. ఊహలన్నీ చివర్లో కాదు, మొదటి పేజీలోనే వేయండి.

సంచుల మీద పర్యావరణ హితం అని అచ్చేయించే దుకాణాలు ఆ మాట పక్కనే ఎన్నిసార్లు వాడితే హితమో కూడా అచ్చేయాలి. సభలకు, సదస్సులకు, పెళ్లిళ్లకు కొత్త గుడ్డ సంచులు వందలుగా కుట్టించి పంచేవాళ్లు ఆ పని మానుకోవాలి. బీరువాలో మడతపెట్టి ఉంచిన కొత్త పత్తి సంచి ఏ లెక్కలో చూసినా నష్టమే.

పాఠకులకు ఒక్క మాట. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న సంచి పత్తిదైనా, నాన్‌ఓవెన్‌దైనా, ప్లాస్టిక్‌దైనా చిరిగేదాకా దాన్నే బజారుకు తీసుకెళ్లండి. చిరిగితే కుట్టించండి. కొత్తది ఎవరు ఉచితంగా ఇచ్చినా, దాని మీద ఎంత మంచి నినాదం ఉన్నా, వద్దని చెప్పండి.