తెర మీద ఇల్లు - ఏజెంటు నైపుణ్యం, నీతి

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఫోనులో ఫ్లాట్ల ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి చూడటం మీరు గమనించే ఉంటారు. ఇల్లు కొనడమంటే చాలా కుటుంబాలకు జీవితకాలపు పొదుపు, దానిపైన ఏళ్ళ తరబడి తీర్చవలసిన బ్యాంకు అప్పు. అమెరికాలో ఉన్న ఒక తెలుగు ఉద్యోగి హైదరాబాదులో ఫ్లాటు కొనాలనుకున్నాడనుకోండి. అతను గదిలోకి వెళ్ళి టేపు పట్టి కొలవలేడు. తెర మీద కనిపించినదే అతనికి ఆధారం. ఆ సమాచారాన్ని తెర మీదికి ఎక్కించేవాడు రియల్ ఎస్టేట్ ఏజెంటు. అతనికి ఏమి తెలిసి ఉండాలి? అతను ఎలా నడుచుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు కొలత

ఒక ప్రకటనలో "1,200 చదరపు అడుగులు, 60 లక్షల రూపాయలు" అని ఉంది. లెక్క వేస్తే చదరపు అడుగు 5,000 రూపాయలు. కాని ఆ 1,200 ఏ విస్తీర్ణం? "సూపర్ బిల్టప్ ఏరియా" అయితే అందులో గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, వరండాలలో మన వాటా కూడా కలిసి ఉంటాయి. ఇంటి లోపల నిజంగా వాడుకునే నేలను "కార్పెట్ ఏరియా" అంటారు. చట్టం ప్రకారం లోపలి అడ్డుగోడలు ఇందులోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ రావు. మన ఉదాహరణలో కార్పెట్ ఏరియా 840 చదరపు అడుగులే అనుకుందాం. అప్పుడు చదరపు అడుగు ధర సుమారు 7,143 రూపాయలు అవుతుంది!

ఈ తేడా తెలియని ఏజెంటుకు మోసం చేసే ఉద్దేశం లేకపోవచ్చు. అయినా కొనేవారికి జరిగే నష్టం అంతే. గజానికి 9 చదరపు అడుగులని, సెంటుకు 48.4 గజాలని, గుంటకు 121 గజాలని తప్పు లేకుండా చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో నీతిలో భాగమే.

తరువాత కెమెరా

చాలా ఫోన్లలో మామూలు లెన్సుతో పాటు అతి విశాల లెన్సు కూడా ఉంటుంది. అది దాదాపు 120 డిగ్రీల మేర దృశ్యాన్ని పట్టుకుంటుంది. గది మూలలో నిలబడి దానితో ఫొటో తీస్తే ఎదుటి గోడ చిత్రంలో చిన్నదిగా పడుతుంది. చిన్నదిగా కనిపించే వస్తువు దూరంగా ఉందని మన మెదడు భావిస్తుంది. అందువల్ల పదడుగుల గది హాలులా కనిపిస్తుంది. చిన్న గదిని పూర్తిగా చూపడానికి ఈ లెన్సు వాడటం తప్పు కాదు. గది పొడవు, వెడల్పు ఫొటో కిందనే రాయకపోవడం తప్పు. అలాగే కంప్యూటరుతో గీసిన బొమ్మ అయితే "ఇది ఊహాచిత్రం" అని స్పష్టంగా చెప్పాలి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 2016లో స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం వచ్చింది. దీనినే "రెరా" అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు 2017లో తమ నియమాలను ప్రకటించాయి. నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించరాదు. ప్రకటనలో నమోదు సంఖ్య ఉండాలి. అటువంటి ప్రాజెక్టులో ఇళ్ళు అమ్మించే ఏజెంటు కూడా నమోదై ఉండాలి. లేని అనుమతి ఉందని అతను చెప్పరాదు. ఈ నిబంధనలు మీరితే రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది. అది ఆస్తి ఖరీదులో 5 శాతం వరకు పెరగవచ్చు.

మహారాష్ట్ర నియంత్రణ సంస్థ 2023లో మరో అడుగు వేసింది. ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, యోగ్యతా పత్రం తప్పనిసరి చేసింది. మంచితనం ఒక్కటే చాలదని, విషయ పరిజ్ఞానం కూడా కావాలని దీని భావం.

చట్టం చేరని చోట

రెరా ముఖ్యంగా కొత్త ప్రాజెక్టుల కోసం వచ్చింది. ఎవరో ఇరవై ఏళ్ళు కాపురమున్న పాత ఇంటిని అమ్మేటప్పుడు ఏజెంటును ఆపేది చాలావరకు అతని మనస్సాక్షే. వానాకాలంలో వీధిలో నీళ్ళు నిలుస్తాయని అతనికి తెలుసు. వేసవిలో తీసిన ఫొటోలో ఆ సంగతి కనబడదు. దానిని చెప్పాలా? చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. ఇంటిపై తాకట్టు ఉందా అని అడిగితే, ఈసీ చూడకుండా "ఏమీ లేదండీ" అనరాదు. "కాగితాలు చూసి రేపు చెబుతాను" అనడం చిన్నతనం కాదు. కమీషను అమ్మేవారు, కొనేవారు ఇద్దరి దగ్గరా తీసుకుంటుంటే ఆ సంగతి ఇద్దరికీ తెలియాలి. అమ్ముడైపోయిన ఇంటి ఫొటోను ఫోన్లు రాబట్టడానికి అలాగే ఉంచరాదు.

మీరే చేసి చూడండి

మీ గదిని టేపుతో కొలవండి. ఒకే మూల నుంచి మామూలు లెన్సుతో ఒకటి, విశాల లెన్సుతో ఒకటి ఫొటోలు తీయండి. ఆ గది చూడని స్నేహితులకు ఆ రెండూ చూపి, పొడవు ఎంతో ఊహించమనండి. వారు చెప్పిన అంకెలను అసలు కొలత పక్కన రాయండి. ఎంత తేడా వచ్చింది? ఆ ఊహను నమ్మి ఒక కుటుంబం అడ్వాన్సు కట్టి ఉంటే ఏమయ్యేదో తరగతిలో చర్చించండి.