కుక్క కరుస్తోందా? ఎద్దు మొరాయిస్తోందా? ముందు నొప్పి ఉందేమో చూడండి



పై వీడియోలో కుక్కను చూశారు గదా. మన పర్ణశాల దగ్గర మొక్కజొన్న చేనుకు ఎనిమిదేళ్లుగా అదే కాపలా. అడవి పంది అలికిడైతే చాలు, గట్టు దాటి ఉరికేది. పోయిన చలికాలం నుంచి పడుకున్న చోటు నుంచి లేవడమే తగ్గించింది. పిల్లలు నడుం మీద చెయ్యి వేస్తే గుర్రుమంటోంది. "ముసలిదైంది, పొగరెక్కింది, గోదావరి అవతల వదిలేసి వద్దాం" అన్నారు ఇంట్లోవాళ్లు. పశువుల డాక్టరు గారు వెనక కాళ్లు మెల్లగా చాపి చూస్తే అసలు సంగతి తెలిసింది. తుంటి కీళ్లు అరిగిపోయినయి. అది పొగరు కాదు, నొప్పి.

నొప్పి గుణాన్ని ఎట్లా మారుస్తుంది?

ముల్లు గుచ్చుకుంటే కుయ్యిమంటుంది, అది అప్పటి నొప్పి. నెలల తరబడి ఉండే నొప్పికి అరుపు ఉండదు. నరాలు రానురాను సున్నితమైపోతయి. ముందు లెక్కచేయని చిన్న తాకిడి కూడా తర్వాత పెద్ద బాధ అవుతుంది. రాత్రి నిద్ర సరిగా పట్టదు, దాంతో చిరాకు పెరుగుతుంది. చెయ్యి పడ్డప్పుడల్లా నొప్పి పుడితే, ఆ చెయ్యంటేనే భయం పట్టుకుంటుంది. మనకు అది కోపంలాగా కనిపిస్తుంది.

ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీని మీద ఒక వ్యాసం రాశారు. ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి తెచ్చిన కుక్కలు, పిల్లుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకు ఏదో ఒక నొప్పి ఉందని వాళ్ల అంచనా. కొత్తగా ఉరుములకు, టపాకాయలకు భయపడటం మొదలుపెట్టిన కుక్కలో కూడా ఒళ్లు నొప్పి ఉందేమో చూడాలంటారు.

ఈ గుర్తులు కనిపెట్టండి

1. కుక్క: లేచేటప్పుడు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. మెట్టు, గట్టు ఎక్కడానికి వెనకాడుతుంది. ఒకే చోట పదే పదే నాకుతుంది. పిలిస్తే తోక ఊపుతుంది గానీ రాదు.
2. పిల్లి: అటక మీదికి దూకడం మానేస్తుంది. ఒళ్లు నాక్కోదు, వెంట్రుకలు జడలు కడతయి. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించిందని 2002లో ఒక పరిశోధన చెప్పింది. కుంటే పిల్లి మాత్రం మనకు అరుదుగా కనిపిస్తుంది.
3. ఎద్దు: కాడి చూడగానే తల తిప్పుకుంటుంది, ఒక కాలి మీద బరువు వేయదు, నెమరు తగ్గిస్తుంది. ముల్లుగర్ర తీసే ముందు మెడ, గిట్టలు చూడండి.

మన అడవి అంచు ఊళ్లల్లో ఇంకో రెండు కారణాలున్నయి. ఒకటి, పందులకు పెట్టిన ఉచ్చులో పడి బయటపడ్డ కుక్క: పైన గాయం మానుతుంది, లోపల నొప్పి మిగిలిపోవచ్చు. రెండోది గోమార్లు. వాటి వల్ల వచ్చే జ్వరంలో కీళ్లు కూడా నొప్పి పెడతయి.

ఏం చేయాలి?

ఇంటి దగ్గర నడిచేటప్పుడు, లేచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రికి పోతే భయంతో కుంటడం కూడా దాచేస్తుంది. ఆ వీడియో డాక్టరుకు చాలా పనికొస్తుంది. కదల్లేని పశువైతే 1962కు ఫోన్ చేయండి.

తడి నేల మీద కాకుండా గోనెసంచులు, ఎండుగడ్డి మెత్తగా పరచండి. ఒళ్లు పెరిగిన కుక్కకు తిండి కొంచెం తగ్గించండి. బరువు తగ్గితే కీలు మీద భారం తగ్గుతుంది. పూర్తిగా కట్టేయకుండా రోజూ కొద్దిసేపు నెమ్మదిగా నడిపించండి.

ఏం చేయకూడదు?

మన మాత్రలు వేయొద్దు. పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశం 2006లోనే నిషేధించింది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడమే కారణం. బరువును బట్టి ఏ మందు ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి.

నొప్పికి వాతలు పెట్టడం, కిరసనాయిలు పూయడం కూడా మానుదాం. వాత పాత నొప్పి తీయదు, కొత్త నొప్పి చేరుస్తుంది.

ఒక జాగ్రత్త. కుక్క కరిస్తే "నొప్పి వల్లేలే" అని ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి. నాలుగు రోజుల్లోనే గుణం పూర్తిగా మారిపోయి, చొంగ కారుస్తుంటే దగ్గరికి పోవద్దు. అది రేబిస్ కావచ్చు.

మన సేద్యం పేడ, మూత్రం, కాపలా అన్నీ ఈ మూగజీవాల దగ్గరే తీసుకుంటుంది. మాయలేడిని చూసి మోసపోయిన కథ పర్ణశాలలో పిల్లలకు కూడా తెలుసు. పైకి కనిపించే పొగరును చూసి మనం మోసపోవద్దు. పై వీడియోలో కుక్క ఇప్పుడు పంది వెంట ఉరకదు. కానీ గోనెసంచి మీద పడుకునే మొరిగి లేపుతుంది. పిల్లలు తల నిమిరితే కళ్లు మూసుకుంటుంది.

ఈ రోజు సాయంత్రం మీ పశువును, మీ కుక్కను పది నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి.