అమ్ముగూడ బలరాం

పిల్లలూ! మా బోయిగూడ వైపు ద్వారం నుంచి సికిందరాబాదు స్టేషనులోకి వెళితే 10వ నంబరు ప్లాట్‌ఫారం వస్తుంది. ఆ స్టేషను నుంచి మల్కాజిగిరి మీదుగా బొల్లారం వైపు పోయే రైలు మార్గం ఒకటి ఉన్నది. ఆ దారిలో అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషను. రైలు ఆగీ ఆగకముందే కదులుతుంది. బోర్డు మీది పేరు చూసి తల తిప్పుకొనేవారే ఎక్కువ. ఈసారి అటు వెళ్ళినప్పుడు మీరు మాత్రం ఆ పేరు కాస్త శ్రద్ధగా చదవండి. రెండు ఒలింపిక్ పోటీలలో మన దేశం తరఫున ఫుట్‌బాలు ఆడిన తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు అది.

బలరాం 1936లో పుట్టాడు. ఇంట్లో లేమి. కొడుకు ఏదైనా ఉద్యోగం చూసుకుంటే చాలునని తల్లి కోరిక. కుర్రవాడికి బంతి తప్ప మరొకటి పట్టదు. ఆడటానికి బూట్లు కావాలి, కొనడానికి డబ్బు లేదు. అప్పుడు చెప్పులు కుట్టే అతనొకడు ఒక ఉపాయం చెప్పాడట. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు తెస్తే వాటినే కోసి, కుట్టి, ఆటకు పనికివచ్చేటట్లు చేస్తానన్నాడు. కూలి రెండు రూపాయలు. ఒలింపిక్ ఆటగాడి తొలి బూట్లు అలా తయారయినాయి.

"బూట్లు లేకపోతే ఏం? మేము వట్టి కాళ్ళతోనే ఆడుతున్నాముగా!" అంటారు మీలో కొందరు. నిజమే, ఆ రోజుల్లో మన దేశపు జట్టు కూడా అలాగే అనుకున్నది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ పోటీలు జరిగినాయి. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతోనే మైదానంలో దిగారు. ఎదుట యుగోస్లావియా జట్టు. ఆట ముగిసేసరికి వాళ్ళకు 10 గోల్సు, మనకు 1! ఎండిన మైదానంలో మీ పాదం నేలను బాగానే పట్టుకుంటుంది. తడిసిన గడ్డి మీద పాదానికీ నేలకూ నడుమ పలుచని నీటి పొర చేరి, ఆ పట్టు జారిపోతుంది. బూటు అడుగున ఉండే బుడిపెలు ఆ పొరను దాటి మట్టిలో గుచ్చుకుంటాయి. అందుచేత ఒక్కసారిగా ఆగడానికీ, పక్కకు తిరగడానికీ వీలవుతుంది. ఆ ఓటమి తరువాతనే మన దేశంలో పెద్ద పోటీలకు బూట్లు తప్పనిసరి చేశారు. అప్పటికి మన బలరాంకు ఇంకా 16 ఏళ్ళు నిండలేదు.

ఇప్పుడు మరొకరి సంగతి చెప్పాలి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాహెబు అనేవారు. 2024లో వచ్చిన "మైదాన్" అనే హిందీ సినిమా ఆయన కథే. మీలో కొందరు చూసే ఉంటారు. సినిమాలో ఏం చూపించినా, నాకు ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది: ఆయన బడిపంతులు! కాచిగూడలోనూ, చాదర్‌ఘాటులోనూ పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. నేనూ ఆ వృత్తిలోనే తల నెరిపించుకున్నాను గనుక ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాను. 1950 నుంచి ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు, వరసగా ఐదేళ్ళు, బొంబాయిలో జరిగే రోవర్సు కప్పును మరొకరి చేతికి పోనివ్వలేదు.

రహీం సాహెబు పద్ధతులు తమాషాగా ఉండేవి. బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ ఒంటరిగా పోగూడదు, వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివాడికి అందించాలి అనే నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే పోటీలు కూడా ఉండేవి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి. సాయంకాలం మీ వీధిలో ఒక్క పది నిమిషాలు ప్రయత్నించి చూడండి. మొదట బంతి ఎటు పోతుందో మీకే తెలియదు. (కిటికీ అద్దాలకు దూరంగా ఆడండి సుమా!)

ఈ రహీం సాహెబు కంట బలరాం పడ్డాడు. హైదరాబాదు వచ్చి శిక్షణలో చేరమన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు మైదానానికి రోజూ రావడమంటే మాటలా? బస్సుకు డబ్బులు లేవు. కుర్రవాడు ఆ సంగతి దాచకుండా చెప్పాడు. అతను వచ్చిపోయేందుకు సైకిలు సమకూరేటట్లు రహీం సాహెబు ఏర్పాటు చేశారు. ఎవరి ఆట చూసి ఎంత మెచ్చుకున్నా, వాడు మైదానానికి ఎలా వస్తాడని అడిగేవారు ఎందరుంటారు చెప్పండి!

తరువాత అంతా వేగంగా జరిగిపోయింది. 1956లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అందులో బలరాం ఉన్నాడు. అదే ఏడు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళాడు. అప్పటికి అతని వయస్సు 20. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు వాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీదనే 4-2 తేడాతో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేశాడు. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి జట్టు మనదే. చివరకు నాలుగో స్థానం దక్కింది.

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్టు బెంగాలు క్లబ్బులో చేరాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం – ఈ ముగ్గురి పేర్లనూ దేశమంతా ఒక్క ఊపిరిలో చెప్పుకునేది. ముందువరుసలో ఏ చోట నిలబెట్టినా బలరాం ఆడగలడు. 1960లో రోమ్ ఒలింపిక్సులో హంగరీతో తలపడ్డప్పుడు మనవాళ్ళు 2-1 తేడాతో ఓడిపోయారు. మన ఒక్క గోలూ బలరాందే. ఆ హంగరీ జట్టు తరువాత కాంస్య పతకం గెలిచింది. పెరూతో ఆటలో కూడా మనకు వచ్చిన ఒకే ఒక గోలు అతనిదే. 1961లో అతను కెప్టెనుగా ఈస్టు బెంగాలు కలకత్తా లీగు గెలిచింది.

ఇక జకార్తా. 1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధానిలో జరిగినాయి. ఇజ్రాయెలునూ, తైవానునూ ఆ పోటీలకు రానివ్వలేదు. అది తప్పని మన దేశపు క్రీడాధికారి సోంధీ అన్నారు. దానితో అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. మన ఆటగాళ్ళు ఎక్కడ కనపడినా ఎగతాళి, అరుపులు. తప్పు చేసినవాడు ఓర్చుకోవచ్చు గాని, ఏ తప్పూ లేకుండా కేకలు పడటం ఎంత కష్టమో ఆలోచించండి. పైగా మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడారు. తరువాత థాయిలాండు మీద గెలిచారు గాని, వెనుకవరుసలో కోటగోడలా నిలిచే జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాను మీద 2-0 తో గెలిచారు. ఒక గోలు పీకేది, రెండోది బలరాంది.

కుట్లు పడిన తలతో ఎదుటివాళ్ళ బంతులను అడ్డుకోవడం కష్టం. రహీం సాహెబు ఏం చేశారో తెలుసా? జర్నైల్ సింగును కూర్చోబెట్టలేదు. వెనుకనుంచి తీసి ముందువరుసలో నిలబెట్టారు! సెమీఫైనలులో దక్షిణ వియత్నాం మీద అతను గోలు చేశాడు. సెప్టెంబరు 4న ఫైనలు. లక్ష మంది జనం. ఎదురుగా మళ్ళీ అదే దక్షిణ కొరియా. మనవైపు చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారట! 20 నిమిషాలు గడిచేసరికి పీకే ఒకటి, జర్నైల్ ఒకటి – రెండు గోల్సు. కొరియా చివరలో ఒకటి మాత్రమే తీర్చుకోగలిగింది. బంగారు పతకం మనదయింది. 1951లో ఒకసారి, 1962లో ఒకసారి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు వచ్చిన బంగారు పతకాలు ఇవి రెండే.

అప్పటికే రహీం సాహెబు ఒంట్లో క్యాన్సరు వ్యాధి ఉన్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

అదే 1963లో బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకున్నది. ఊరికే కూర్చున్నప్పుడు మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. నిమిషానికి ఆరేడు లీటర్లతో సరిపోతుంది. శక్తికొద్దీ పరుగెత్తే ఆటగాడికి నిమిషానికి 100 లీటర్లకు మించి కావాలి. కాళ్ళలో ఎంత బలమున్నా, కళ్ళు ఎంత చురుకైనా, ఆ గాలి అందకపోతే ఆట లేదు. అర్జున పురస్కారం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంకా 27 ఏళ్ళైనా సరిగా నిండలేదు. ఆ వయస్సులో చాలామంది ఆటగాళ్ళు పేరు తెచ్చుకోవడం మొదలుపెడతారు. బలరాం ఆట మానివేశాడు.

ఆ తరువాత దాదాపు 60 ఏళ్ళు జీవించారాయన. రైల్వేలో ఉద్యోగం చేశారు, కుర్రవాళ్ళకు ఆట నేర్పారు. కలకత్తాకు దగ్గర, గంగ ఒడ్డున ఉన్న ఉత్తరపాడా అనే ఊళ్ళో స్థిరపడ్డారు. 2020 మార్చిలో పీకే, ఏప్రిల్‌లో చునీ వెళ్ళిపోయారు. ముగ్గురిలో చివరివాడుగా బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయస్సులో మరణించారు. ఆయన పుట్టిన అమ్ముగూడ పక్క నుంచి రైళ్ళు ఇప్పటికీ బొల్లారం వైపు పోతూనే ఉన్నాయి.