పాఠం: అద్దె సాయం పొందే కిరాయిదారు – ఇంటి యజమాని తెలుసుకోవలసిన విషయాలు

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని అధ్యయనం చేసిన తర్వాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• అద్దె వోచరు అంటే ఏమిటి, మామూలు అద్దెకు దానికి ఉన్న తేడా ఏమిటి
• అద్దె చెల్లింపులో మూడో పక్షం ఉన్నప్పుడు యజమానికి కలిగే లాభం, ఎదురయ్యే చిక్కు
• తెలంగాణలో ఇలాంటి అద్దెకు ఏ చట్టాలు వర్తిస్తాయి
• ఒప్పందంలో తప్పక రాసుకోవలసిన అంశాలు

1. పరిచయం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో రెజిమెంటల్ బజార్ ఉంది. కంటోన్మెంట్ కాలంలో సైనిక పటాలాలను ఆనుకొని పెరిగిన బజారు కాబట్టి దానికి ఆ పేరు నిలిచిపోయింది. ఇలాంటి పాత బస్తీల్లో ఒక ఇంటిని రెండు మూడు పోర్షన్లుగా చేసి కిరాయికి ఇవ్వడం మామూలే. పై పోర్షన్‌లో యజమాని, కింది పోర్షన్‌లో కిరాయిదారు, గేటుకు ‘టు-లెట్’ బోర్డు. ఆ కిరాయి మీదే బతికే వృద్ధులు, వితంతువులు కూడా యజమానుల్లో ఉంటారు. అందువల్ల ‘యజమాని’ అనగానే ధనవంతుడని అనుకోకూడదు.

ఆ గేటు ముందు ఒక కుటుంబం వచ్చి నిలబడిందని ఊహించుకోండి. ‘కిరాయిలో మూడింట ఒక వంతు మేమిస్తాం, మిగతాది సంస్థ నేరుగా మీ ఖాతాలో వేస్తుంది’ అని వారు చెప్పారు. యజమాని ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ఏం రాసుకోవాలి? సంస్థ డబ్బు ఆలస్యమైతే ఎవరిని అడగాలి? ఈ పాఠం ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతుకుతుంది. మీరు యజమాని కావచ్చు, కిరాయిదారు కావచ్చు, రేపు ఒక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగి కావచ్చు. ఏ పక్షాన ఉన్నా ఈ విషయం మీకు ఉపయోగపడుతుంది.

2. అద్దె వోచరు అంటే ఏమిటి?

పేదలకు గృహవసతి కల్పించడానికి ప్రభుత్వం ముందు రెండు మార్గాలున్నాయి. మొదటిది, తానే ఇళ్లు కట్టి ఇవ్వడం. రెండోది, ఇప్పటికే ఉన్న ప్రైవేటు ఇంట్లో ఉండటానికి అద్దెలో కొంత భాగం తాను చెల్లించడం. ఈ రెండో మార్గాన్నే అద్దె సాయం అంటారు. ఆ సాయానికి హక్కు పత్రమే వోచరు.

దీనికి ఎక్కువగా చెప్పుకొనే ఉదాహరణ అమెరికా. అక్కడ 1974 నాటి గృహనిర్మాణ చట్టం ద్వారా వచ్చిన ‘సెక్షన్ 8’ కింద ఈ సాయం మొదలైంది. ఇప్పుడు దాన్ని ‘హౌసింగ్ చాయిస్ వోచర్’ అంటున్నారు. సుమారు 23 లక్షల కుటుంబాలు దీన్ని వాడుకుంటున్నాయి. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం అద్దెకు ఇస్తుంది. మిగిలిన మొత్తాన్ని స్థానిక గృహవసతి సంస్థ, తాను నిర్ణయించిన పరిమితి మేరకు, నేరుగా యజమానికి చెల్లిస్తుంది. ఈ పథకంలో యజమానికి సంబంధించిన నాలుగు నియమాలను గుర్తుంచుకోండి.

• కిరాయిదారు చేరే ముందు సంస్థ ఇంటిని తనిఖీ చేస్తుంది. నీరు, విద్యుత్తు, భద్రత సరిగా ఉండాలి.
• అద్దె ఆ ప్రాంతంలోని అలాంటి ఇళ్ల అద్దెతో పోల్చదగినదిగా ఉండాలి. వోచరు ఉంది కదా అని పెంచకూడదు.
• ఒప్పందంలో లేని సొమ్మును కిరాయిదారు నుంచి చాటుగా తీసుకోకూడదు.
• సంస్థ తన వాటా చెల్లించకపోతే, ఆ కారణంతో కిరాయిదారును ఖాళీ చేయించకూడదు.

నాలుగో నియమమే ఈ పద్ధతికి మూలం. ఎవరి బాకీకి వారే బాధ్యులు అన్నది అందులోని సూత్రం.

3. మన దేశంలో పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. 2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరతను సుమారు 1.88 కోట్లుగా అంచనా వేసింది. అందులో దాదాపు 96 శాతం కొరత తక్కువ ఆదాయ వర్గాలదే. ఒకవైపు ఖాళీ ఇళ్లు, మరోవైపు ఇల్లు లేనివారు. ఇళ్లు కట్టడం ఒక్కటే పరిష్కారం కాదని, అద్దె వసతిని కూడా పెంచాలని ఈ అంకెలు సూచిస్తాయి.

2015లో జాతీయ పట్టణ అద్దె గృహాల విధానం ముసాయిదా వచ్చింది. అద్దె వోచర్ల ఆలోచన కూడా ఆ కాలంలో చర్చకు వచ్చింది. అయితే ఆచరణలో కేంద్రం మరో దారి తీసుకుంది. 2020లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) కింద ‘అందుబాటు అద్దె గృహ సముదాయాల’ పథకాన్ని ప్రకటించింది. ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను వలస కార్మికులకు, పట్టణ పేదలకు అద్దెకు ఇవ్వడం ఇందులో ఒక నమూనా. ప్రైవేటు, ప్రభుత్వ సంస్థలు తమ స్థలంలో కట్టి అద్దెకు ఇవ్వడం మరో నమూనా. అంటే ఇక్కడ సాయం ఇంటికి ముడిపడి ఉంది. వోచరులో సాయం మనిషికి ముడిపడి ఉంటుంది. ఈ తేడాను పరీక్షలో స్పష్టంగా రాయగలగాలి.

4. మనకు తెలిసిన మూడో పక్షం

వోచరు అనే పేరు కొత్తదే కానీ, ఉండేది ఒకరు, కిరాయి కట్టేది మరొకరు అన్న పద్ధతి మనకు కొత్త కాదు. రెండు ఉదాహరణలు చూడండి.

(అ) సంస్థ లీజు: బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థలు తమ అధికారుల కోసం ఇళ్లు లీజుకు తీసుకుంటాయి. నిర్ణీత పరిమితి మేరకు అద్దెను నేరుగా యజమాని ఖాతాలో జమ చేస్తాయి. ఇలాంటి కిరాయిదారు వస్తే యజమానులు సంతోషిస్తారు, ఎందుకంటే నెల తిరగగానే డబ్బు పడుతుంది. అధికారికి బదిలీ అయితే లీజు ముగుస్తుంది.

(ఆ) ప్రభుత్వం కిరాయిదారుగా: తెలంగాణలో అనేక గురుకుల పాఠశాలలు ప్రైవేటు అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. నెలల తరబడి అద్దె రాకపోవడంతో 2024 అక్టోబరులో, దసరా సెలవుల తర్వాత, కొన్నిచోట్ల యజమానులు గేట్లకు తాళాలు వేశారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు బయట నిలబడవలసి వచ్చింది.

ఈ రెండో ఉదాహరణను జాగ్రత్తగా గమనించండి. యజమాని బాధ నిజమైనదే. అప్పు తెచ్చి భవనం కట్టినవారికి బ్యాంకు వాయిదా ఆగదు. కానీ తాళం దెబ్బ తగిలింది అద్దె బాకీపడిన కార్యాలయానికి కాదు, బాకీతో సంబంధం లేని పిల్లలకు. అద్దె సాయంలో అసలు చిక్కు ఇదే. చెల్లించేవారు దూరంగా ఉంటారు, దొరికేది ఇంట్లో ఉన్నవారే. ఒప్పందం సరిగా లేకపోతే కోపం వారి మీదకే మళ్లుతుంది.

5. ఏ చట్టం వర్తిస్తుంది?

తెలంగాణలో ఇళ్ల అద్దెకు ప్రధాన చట్టం 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టం ఇక్కడ కొనసాగుతోంది. దీని ప్రకారం యజమాని రెంట్ కంట్రోలర్ ముందు కారణం రుజువు చేస్తేనే ఖాళీ చేయించగలడు. అద్దె చెల్లించకపోవడం, అనుమతి లేకుండా మరొకరికి కిరాయికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి సొంత అవసరం ఉండటం వంటివి ఆ కారణాలు. అద్దె బాకీ ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలర్ నమ్మితే, కట్టడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చు.

ఈ చట్టం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోవడాన్ని అనుమతించదు. గూడూరు మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. యజమాని చేతిలో అదనపు అడ్వాన్సు ఉన్నప్పుడు, దానికి సరిపోయేంత బాకీ ఉన్నా, కిరాయిదారును ఎగవేతదారు అనలేమన్నది ఆ తీర్పు సారం.

అయితే 2005 సవరణ ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. ఈనాటి కిరాయిలను బట్టి రెజిమెంటల్ బజార్‌లో చాలా పోర్షన్లు ఆ పరిమితి దాటినవే. అలాంటి వాటికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం వర్తిస్తుంది. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసుతో అద్దె ముగించవచ్చు. ఆ తర్వాత కూడా ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టుకు వెళ్లాలి తప్ప, సామాను బయట పెట్టే హక్కు యజమానికి లేదు.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలని అది చెబుతుంది. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలులోకి వస్తుంది. అయినా మంచి ఒప్పందం రాసుకోవడానికి దీన్ని కొలతగా వాడుకోవచ్చు.

6. ఒక లెక్క

నెల కిరాయి 9,000 రూపాయలు అనుకోండి. ఇందులో సంస్థ వాటా 6,000, కుటుంబం వాటా 3,000. మూడు నెలలు కుటుంబం తన వాటా సక్రమంగా కట్టింది, సంస్థ ఏమీ పంపలేదు. యజమానికి రావలసింది 27,000. వచ్చింది 9,000. బాకీ 18,000. ఇది ఎవరి బాకీ? సమాధానం ఒప్పందాన్ని బట్టి మారుతుంది.

• కుటుంబం ఒక్కటే 9,000కు సంతకం చేసి ఉంటే, 18,000 మొత్తం కుటుంబం బాకీ అవుతుంది. సంస్థ మాట నోటిమాటగానే మిగులుతుంది.
• సంస్థ ఒక్కటే సంతకం చేసి ఉంటే, కిరాయిదారు సంస్థే. ఇంట్లో ఉన్నవారితో యజమానికి ఒప్పందం ఉండదు. ఇల్లు పాడైనా సంస్థనే అడగాలి.
• ముగ్గురూ సంతకం చేసి వాటాలు విడివిడిగా రాసుకొని ఉంటే, 18,000 సంస్థ బాకీ. కుటుంబం బాకీ సున్నా.

మూడో పద్ధతి అందరికీ న్యాయమైనది. యజమానికి ఎవరిని అడగాలో తెలుస్తుంది. సమయానికి కట్టిన కుటుంబం నిశ్చింతగా ఉంటుంది.

7. ఒప్పందంలో రాసుకోవలసినవి

1) మొత్తం అద్దె, ఎవరి వాటా ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి.
2) సంస్థ చెల్లింపు ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆగాలి, ఎవరికి లేఖ రాయాలి అన్నది ఉండాలి.
3) సాయం మధ్యలో ఆగిపోతే ఎంత ముందుగా తెలపాలి, ఆ తర్వాత కుటుంబం పూర్తి కిరాయి కట్టి ఉండవచ్చా లేక ఖాళీ చేయాలా అన్నది ఉండాలి.
4) అడ్వాన్సు ఎవరు ఇచ్చారో రాయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు వారికే ఇవ్వాలి.
5) నీళ్లు, కరెంటు బిల్లులు, మరమ్మతులు ఎవరివో రాయాలి. చేరే రోజు ఇంటి ఫొటోలు తీసి ఇరుపక్షాలూ ఉంచుకోవాలి.
6) ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల కాగితంతో సరిపెట్టుకొనే ముందు కూడా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

పన్ను విషయం కూడా గుర్తుంచుకోండి. సంస్థ చెల్లించే భవన అద్దె నెలకు 50,000 రూపాయలు దాటితే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం 10 శాతం మూలంలోనే పన్ను కోత ఉంటుంది. పై ఉదాహరణలోని పోర్షన్‌కు ఇది వర్తించదు. భవనం మొత్తాన్ని 80,000కు హాస్టల్‌కు ఇస్తే 8,000 కోత పడుతుంది. ఆ మొత్తం పోయినట్లు కాదు, రిటర్ను దాఖలు చేసినప్పుడు యజమాని పన్నులో సర్దుబాటవుతుంది.

8. యజమాని చేయకూడనివి

బాకీ ఉందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేయకూడదు. రసీదు ఇవ్వకుండా నగదు తీసుకోకూడదు. సాయం పొందుతున్న కుటుంబం అని ఇరుగుపొరుగు ముందు తక్కువ చేసి మాట్లాడకూడదు.

మరో విషయం ఉంది. వోచరు చేతిలో ఉన్నా యజమాని ‘ఇవ్వం’ అంటే ఆ కాగితానికి విలువ లేదు. అమెరికాలో వోచరు ఉన్నవారిని తిరస్కరించడం పెద్ద సమస్య అయినందువల్లే అక్కడి అనేక రాష్ట్రాలు, నగరాలు దాన్ని నిషేధించాయి. మన నగరాల్లో కులం, మతం, ఒంటరి మహిళ, బ్రహ్మచారి అంటూ ‘టు-లెట్’ బోర్డు వెనుక కనిపించని షరతులు ఎన్నో ఉంటాయి. కిరాయిదారును ఎంచుకోవడంలో యజమాని గుర్తింపు పత్రం అడగవచ్చు, పాత ఇంటి యజమానిని విచారించవచ్చు, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వవచ్చు. ఇవి నడవడికకు సంబంధించినవి. పుట్టుకకు సంబంధించిన ప్రశ్నలు అద్దె వసూలుకు ఏ విధంగానూ తోడ్పడవు.

9. సారాంశం

అద్దె సాయంలో యజమాని, కిరాయిదారు, చెల్లించే సంస్థ అనే మూడు పక్షాలు ఉంటాయి. సాయం నేరుగా ఖాతాలో పడటం యజమానికి లాభం. సంస్థ ఆలస్యం చేయడం అతనికి నష్టం. ఆ నష్టం నిర్దోషి అయిన కిరాయిదారు మీద పడకుండా చూడాలంటే ఎవరి బాకీ ఎవరిదో ఒప్పందంలోనే విడదీసి రాసుకోవాలి. తెలంగాణలో చాలా ఇళ్లు అద్దె నియంత్రణ చట్టం పరిధి దాటిపోయినందువల్ల ఆ కాగితానికి ప్రాధాన్యం మరింత పెరిగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) సాయం ఇంటికి ముడిపడటానికి, మనిషికి ముడిపడటానికి తేడా ఏమిటి?
2) 2005 సవరణ వల్ల మీ ప్రాంతంలోని అద్దె ఇళ్లపై పడిన ప్రభావాన్ని వివరించండి.
3) మీకు తెలిసిన ఒక అద్దె ఒప్పందాన్ని చదవండి. అద్దెలో ఒక భాగాన్ని సంస్థ చెల్లించేటట్లయితే అందులో ఏ మూడు వాక్యాలు చేర్చాలో మీ మాటల్లో రాయండి.