మీకు తెలుసా? పార్టీలే లేని శాసనసభ

కెనడా విస్తీర్ణంలో దాదాపు ఐదో వంతు నునావుట్ ప్రాంతానిదే. జనాభా మాత్రం సుమారు 40 వేలు, ఎక్కువమంది ఇన్యూట్ ఆదివాసులు. మిగతా దేశం నుంచి అక్కడికి రోడ్డు లేదు, రాకపోకలకు ఎక్కువగా విమానమే దిక్కు. జెండా మీది ఎర్రటి గుర్తు ఇనుక్సుక్. మంచు మైదానాల్లో దారి తెలియడానికి ఇన్యూట్‌లు పేర్చే రాళ్ల ఆనవాలు అది.

1999 ఏప్రిల్ 1న ఏర్పడిన ఈ ప్రాంతపు శాసనసభ రాజధాని ఇకాలుయిట్‌లో ఉంది. సభ్యుల కుర్చీలకు సీల్ చర్మం తొడిగారు, సభాదండాన్ని నార్వాల్ తిమింగలం దంతంతో చేశారు. అసలు విశేషం వేరే ఉంది. ఇక్కడ పార్టీలు లేవు. అందరూ స్వతంత్రులుగానే గెలుస్తారు. గెలిచాక రహస్య ఓటుతో తమలో ఒకరిని ప్రీమియర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా, ఎన్నుకుంటారు. మంత్రులను ఎన్నుకునేదీ సభ్యులే! ప్రీమియర్ వారికి శాఖలు మాత్రం కేటాయిస్తారు. కలిసి మాట్లాడుకుని నిర్ణయించే ఇన్యూట్ సంప్రదాయానికి పార్లమెంటరీ పద్ధతిలో ఇంత చోటు దక్కడం నిజంగా గొప్ప విషయం.