గ్రంథాలయ ఉద్యోగం చేస్తూ పిహెచ్.డి.

మన హాస్టళ్లలో చదివి ఉద్యోగం తెచ్చుకున్నవారిలో చాలామంది "ఇక చదువు చాలు, ఇల్లు చూసుకోవాలి" అనుకుంటారు. అందులో తప్పు లేదు. కానీ లైబ్రేరియన్‌గా పనిచేసేవారికి జీతం వదులుకోకుండానే డాక్టరేట్ చేసే దారి ఉంది. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల తమ్ముళ్లు, చెల్లెళ్లు దాన్ని ముందే తెలుసుకుంటే మంచిది.

ఎందుకు చేయాలి?

యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం కాలేజీ లైబ్రేరియన్ కావడానికి లైబ్రరీ సైన్సు పి.జి.తోపాటు నెట్ లేదా స్లెట్ ఉంటే సరిపోతుంది. విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్, లైబ్రేరియన్ పోస్టులకు మాత్రం అనుభవంతోపాటు పిహెచ్.డి. తప్పనిసరి. ఆ పై మెట్లు ఎక్కాలంటే ఈ డిగ్రీ కావలసిందే.

ఎవరు అర్హులు?

యు.జి.సి. 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పిహెచ్.డి.కి అనుమతిస్తున్నాయి. పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయర్ కాని బి.సి., దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశ పరీక్షలో సగం పరిశోధనా పద్ధతులపై, సగం సబ్జెక్టుపై ప్రశ్నలుంటాయి. తరువాత ఇంటర్వ్యూ.

అన్నిటికన్నా ముఖ్యమైనది మన ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్కు కోసం విధుల నుంచి పంపుతామని అందులో ఉండాలి. దరఖాస్తుకు ముందే పై అధికారితో మాట్లాడుకోండి.

ఎంత కాలం?

కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే మరో 2 ఏళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు ఇంకో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. ఎస్.సి. విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఫుల్‌టైమ్ వారికే కాబట్టి ఫీజులు, ప్రయాణాల ఖర్చు జీతంలోంచే చూసుకోవాలి.

అంశం ఎక్కడ దొరుకుతుంది?

మనం పనిచేసే చోటే. మన దేశంలో ఈ శాస్త్రంలో తొలి పిహెచ్.డి. 1950లలో ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి డి.బి.కృష్ణారావు గారికి వచ్చింది. గైడ్ ఎస్.ఆర్.రంగనాథన్ గారు. అంశం వ్యవసాయ విషయాల వర్గీకరణ. అంటే రైతుకు పనికొచ్చే విషయం కూడా పరిశోధనే! వలస వెళ్లొచ్చే కుటుంబాల పిల్లలకు పుస్తకం ఎలా అందుతోంది? నల్లమల చెంచు గూడేలకు ప్రభుత్వ సమాచారం ఎలా చేరుతోంది? మన ప్రాంతపు లైబ్రేరియన్‌కు ఇవి రోజూ ఎదురయ్యే ప్రశ్నలే. అంశం ఖాయం చేసుకునే ముందు 'శోధ్‌గంగ'లో పాత సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చూడండి.

జాగ్రత్త

డబ్బు కడితే ఆన్‌లైన్లో, దూరవిద్యలో పిహెచ్.డి. ఇప్పిస్తామనేవారిని నమ్మకండి. అలాంటి డిగ్రీకి గుర్తింపు లేదు.

పి.జి. చదువుతున్నవారు మార్కుల మీద దృష్టి పెట్టండి. ఉద్యోగంలో చేరినవారు పాఠకులు అడిగి, మీ దగ్గర దొరక్క తిరిగి వెళ్లిన ప్రశ్నలను ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మీ పరిశోధనాంశం అందులోనే దొరకవచ్చు.