ఆ ఒక్క సర్వర్ మర్చిపోయాం!

2019 జూన్ 6, గురువారం. ముందురోజు రంజాన్ సెలవు. ఫ్రెండ్ వాళ్లింట్లో షీర్ ఖుర్మా ఓ పట్టు పట్టి, ఇంకా వదలని నిద్రమత్తుతో ఆఫీసుకెళ్లా. సీట్లో కూర్చున్నానో లేదో మా సీనియర్ వచ్చి, "తమ్మీ, మన మెయిల్ సర్వర్లలో ఎగ్జిమ్ ఏ వెర్షన్ ఉంది?" అన్నాడు.

ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బీటెక్‌లో నెట్‌వర్క్స్ పాసయ్యానే గానీ, ఎగ్జిమ్ నాకు పేరు వరకే తెలుసు.

1995లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టిన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అది. ఎవరి మెయిల్ వాళ్ల బాక్సులో వెయ్యాలంటే అందరి గదుల తాళాలూ కావాలి కదా, అందుకే దానికి రూట్ అధికారం ఇస్తారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

క్వాలిస్ సంస్థ బయటపెట్టిన లోపం ఇదీ. ఎగ్జిమ్ సెట్టింగ్స్‌లో డాలర్ గుర్తు పెట్టి 'రన్' అని రాస్తే పక్కనున్న కమాండ్ నడుస్తుంది. అడ్మిన్ సౌకర్యం కోసం పెట్టిందే. కానీ 4.87 నుంచి 4.91 దాకా, మెయిల్ వెళ్లాల్సిన అడ్రస్‌ని కూడా అలాగే చదివేది! అంటే సర్వర్‌లో మామూలు లాగిన్ ఉన్న ఎవరైనా 'టు' అడ్రస్‌లో కమాండ్ రాసి పంపితే, అది రూట్‌గా నడిచిపోతుంది. బయటివాడికైతే, డిఫాల్ట్ సెట్టింగ్స్ మీద, కొన్ని నిమిషాలకో బైట్ పంపుతూ కనెక్షన్‌ని 7 రోజులు పట్టుకుని కూర్చోవాలి. ఎంత ఓపికో!

ఇంకో తమాషా. ఫిబ్రవరిలో వచ్చిన 4.92లో ఈ లోపం అప్పటికే పోయింది. అది సెక్యూరిటీ సమస్యని ఎవరూ గుర్తించలేదంతే.

మావి డెబియన్ 9 మిషన్లు. అప్‌డేట్ కొట్టి చూస్తే మళ్లీ 4.89! గుండె జారింది. "అన్నా, ప్యాచ్ పడలేదు" అన్నా. "నంబర్ చివరిదాకా చదువు" అన్నాడు. చివర్న 'డెబ్9యూ4' అని ఉంది. డెబియన్ వాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వరు, రిపేరు మాత్రం తెచ్చి పాతదానికి అతికిస్తారు. చూడాల్సింది ఆ తోకని.

సాయంత్రానికి లిస్టులో ఉన్నవన్నీ అయిపోయాయి. లిస్టు రాసింది నేనే, పాత షీట్ చూసి. అందులో లేని మిషన్ ఒకటుంది, ఎప్పుడో టెస్టింగ్‌కి పెట్టి వదిలేసింది. తర్వాతి వారం దాని సీపీయూ 100 శాతానికి పోయింది. క్రాన్‌లో మేం రాయని లైన్, ఎక్కడినుంచో స్క్రిప్ట్ దించుకుంటోంది. రూట్ ఫోల్డర్లో ఎవరిదో ఎస్ఎస్‌హెచ్ కీ. టెస్టింగ్ కోసం అడ్రస్ సరిచూసే రూల్ ఎవరో తీసేశారట, ఇక దొంగకి వారం ఆగాల్సిన పనేముంది?

ప్యాచ్ వేసేద్దామని కూర్చున్నా. "దొంగ లోపలున్నాక తాళం మారిస్తే ఏం లాభం తమ్మీ" అన్నాడు సీనియర్. డిస్క్ కాపీ తీసి, మొత్తం తుడిచేసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాం. అక్కడినుంచి మిగతా సర్వర్లకి వెళ్లే కీలన్నీ మార్చాం. పూర్తయ్యేసరికి రాత్రి రెండు. నన్నెవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో ఊళ్లో ఉన్నా. రష్యా మిలిటరీ హ్యాకర్లు శాండ్‌వార్మ్ ఇదే లోపాన్ని 2019 ఆగస్టు నుంచీ వాడుతున్నారని అమెరికా ఎన్‌ఎస్‌ఏ ప్రకటించింది. అన్నం పళ్లెం పక్కనపెట్టి ల్యాప్‌టాప్ తెరిచా. ఈసారి లిస్టు చూడలేదు, పోర్ట్ 25 తెరిచి ఉన్న మిషన్ల కోసం నెట్‌వర్క్ మొత్తం స్కాన్ చేశా.